వద్దన్న కబురు దాచే మేనేజరు: రచయితల సంఘానికి బహిరంగ లేఖ

తెలుగు సినీ రచయితల సంఘం కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

నేను మన సంఘం సభ్యురాలిని. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో రాస్తున్నాను. నా పేరు పడినవి రెండు సినిమాలు, ఒక వెబ్ సిరీస్. పేరు పడనివాటి లెక్క ఇక్కడ వద్దు. ఈ లేఖ కథల దొంగతనం గురించి కాదు, టైటిల్స్‌లో పేరు వేయకపోవడం గురించీ కాదు. వాటి గురించి మనం మీటింగుల్లో ఎప్పుడూ గొంతు చించుకుంటూనే ఉన్నాం. మనం అసలు ఎత్తని మనిషి ఒకరున్నారు. మనకీ నిర్మాతకీ మధ్య కూర్చున్న మేనేజరు. ఆయన్ని ఎప్పుడు వదులుకోవాలో, ఎలా వదులుకోవాలో తెలియక నేను ఏడాదిన్నర పోగొట్టుకున్నాను. నా తర్వాత వచ్చేవాళ్లకైనా ఆ నష్టం తప్పించే పని మీరు చేయగలరనిపించి రాస్తున్నాను.

నేను వచ్చిన కొత్తలో రచయితకి మేనేజరేంటని నవ్వేవారు. మేనేజర్లు ఉండేది హీరోలకి, హీరోయిన్లకి. మనకి ఉండేది ఒక కో-డైరెక్టరుతో పరిచయం, ఒక ఫోన్ నంబరు, నెరేషన్, అంటే కథ చెప్పడం కోసం ఆఫీసు బయట సోఫాలో నాలుగు గంటలు. ఓటీటీలు వచ్చాక ఆ లెక్క మారింది. ముంబై నుంచి మెయిల్ వస్తుంది. పిచ్ డెక్ (కథని పరిచయం చేసే స్లైడ్లు) పంపమంటారు, ఎన్‌డీఏ (సంగతులు బయటపెట్టనని ఒప్పుకునే కాగితం) మీద సంతకం పెట్టమంటారు, ‘మీ తరఫున ఎవరు మాట్లాడతారు?’ అని అడుగుతారు. ‘నేనే అండీ’ అంటే అవతల కాసేపు మాట ఉండదు. అలా మాట్లాడటానికి టాలెంట్ మేనేజ్‌మెంట్ కంపెనీలు వచ్చాయి. వాటిలో ఒకదానితో నేనూ సంతకం పెట్టాను. మూడేళ్ల ఒప్పందం, 15 శాతం కమిషన్.

ఆ మేనేజరు చేసిన మేలు ముందు చెప్పాలి, లేకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. అంతకుముందు నాకు రావలసిన డబ్బు టోకెన్ అడ్వాన్సుగా కొంత కవరులోనూ, మిగతాదంతా ‘రిలీజ్ ముందు చూద్దాంలేమ్మా’ అనే మాటలోనూ ఉండేది. ఆయన వచ్చాక నాలుగు వాయిదాలు కాగితం మీదికి ఎక్కాయి: సంతకం రోజు, మొదటి డ్రాఫ్టుకి, ఫైనల్ డ్రాఫ్టుకి, షూటింగు మొదలైన రోజు. 6 లక్షల ఒప్పందంలో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) 60 వేలు, కమిషన్ 90 వేలు, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 16,200 పోగా నా ఖాతాలో మిగిలింది 4,33,800. అయినా ఆ 15 శాతం ఇవ్వబుద్ధయ్యేది. ఇంకో సంగతి కూడా ఉంది. రాత్రి తొమ్మిది తర్వాత సిట్టింగు (కథా చర్చ) అంటే ఆయనే ఫోన్ చేసి పగటికి మార్పించేవారు. నా పేరు చెప్పకుండా, ‘రేపు పొద్దున అయితే మేమూ వస్తాం సార్’ అని తన మీద వేసుకునేవారు. ఆడవాళ్లకి ఆ ఒక్క ఫోన్ విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

నేను రాసిన ఒక తండ్రీకూతుళ్ల కథని ఆయన ఒక నిర్మాణ సంస్థకి పంపారు. ‘పాజిటివ్‌గా ఉన్నారు మేడమ్’ అన్నారు. నెల తర్వాత ‘సెకండాఫ్‌లో తండ్రి పాత్ర కొంచెం తగ్గించమంటున్నారు’ అన్నారు. తగ్గించాను. మళ్లీ రెండు నెలలకి ‘కూతురి లవ్ ట్రాక్ పెంచితే బావుంటుందట’ అన్నారు. పెంచాను. క్లైమాక్స్ మూడుసార్లు తిరగరాశాను. ఈ మధ్యలో వేరే కథ మొదలుపెట్టలేదు, ఎందుకంటే ఇది నేడో రేపో ఓకే అవుతుంది కదా.

ఎనిమిది నెలల తర్వాత ఒక దర్శకుడు తన సినిమాకి డైలాగ్ వెర్షన్ రాయమని నన్ను పిలిచారు. సిట్టింగు అదే సంస్థ ఆఫీసులో. టీ తాగుతూ అక్కడి క్రియేటివ్ టీమ్ అమ్మాయితో, నా కథ ఎక్కడిదాకా వచ్చిందని మామూలుగా అడిగాను. ఆ అమ్మాయి ముఖం చూడాలి. ‘మేడమ్, అది మేం జూన్‌లోనే వద్దనుకున్నాం కదా. మీ మేనేజర్ గారికి మెయిల్ కూడా పెట్టాం’ అంది. నేను నమ్మలేదని అర్థమై ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. మూడు లైన్ల మెయిల్. రాత బాగుంది, ఇలాంటి కథే ఒకటి మా దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి తీసుకోలేకపోతున్నాం, ఈ రచయిత్రి తర్వాతి కథ తప్పకుండా వినాలని ఉంది. తేదీ జూన్ 11. అది చదువుతున్నది ఫిబ్రవరిలో.

తండ్రి పాత్ర తగ్గించమని ఎవరూ అనలేదు. లవ్ ట్రాక్ పెంచమని ఎవరూ అడగలేదు. అవన్నీ మేనేజరు గారి సొంత కవిత్వం. కథ వద్దన్నందుకు నాకు బాధ లేదు. వద్దనిపించుకోవడం మన రోజువారీ పనిలో భాగమే. నన్ను కోసింది ఆ మూడో లైను. తర్వాతి కథ వింటామని తలుపు తీసి పెట్టారు, ఎనిమిది నెలలు అది నాకు తెలియలేదు. వద్దన్న మాటని దాచబోయి, రమ్మన్న మాటని కూడా దాచేశారు.

ఆయన్ని అడిగితే ‘మీరు డిజప్పాయింట్ అవుతారని చెప్పలేదు మేడమ్’ అన్నారు. నిజమే చెప్పారనుకుంటాను. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ నా తరఫున బయట తిరిగే మనిషి నాకు చెడు కబురు చెప్పడానికి భయపడుతున్నాడంటే, ఇక ఆయన దగ్గర నాకు దొరికేది ఏమిటి?

ఆ రాత్రి ఇంటికొచ్చి ఒప్పందం తీశాను. పద్నాలుగు పేజీల కొండవీటి చేంతాడు, మూడేళ్ల కిందట నేను చదవకుండా సంతకం పెట్టినది. గడువు ముగియడానికి 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే దానంతట అదే ఇంకో ఏడాది పొడిగింపు అవుతుందట. ఆ 60 రోజుల గీత నేను దాటేసి అప్పటికి మూడు వారాలు. ఇంకో క్లాజు అంతకన్నా అందమైనది. మేం విడిపోయాక కూడా 24 నెలలపాటు, వాళ్లు ‘పరిచయం చేసిన’ ఏ సంస్థతో నేను పనిచేసినా కమిషన్ వాళ్లదే. పరిచయం చేయడమంటే ఏమిటి? సంతకం పెట్టిన వారంలోనే నా బయోడేటాని ఒకే మెయిల్‌లో నలభై కంపెనీలకి పంపారు. అంటే ఊరంతా నాకు వాళ్లే పరిచయం చేసినట్టు. అందులో మొదటి సినిమా నుంచి నన్ను ఎరిగిన నిర్మాతలూ ఉన్నారు!

సినిమా ఒప్పందాలు చూసే ఒక లాయరు గారికి ఎనిమిది వేలు ఇచ్చి ఆ కాగితాలు చదివించాను. (సంతకం పెట్టే ముందు చేయాల్సిన పని ఇది. తెలుసు.) ఆవిడ చెప్పింది విన్నాక, ఇది మనలో చాలామందికి తెలియదని అర్థమైంది. మన ఒప్పందాల పైన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఉంది. అందులో ఏజెంటు గురించి, అంటే మన తరఫున వ్యవహరించే మనిషి గురించి, ఒక అధ్యాయమే ఉంది. అడిగినప్పుడు ఏజెంటు లెక్కలు చెప్పి తీరాలని 213వ సెక్షన్. మనకి చెప్పకుండా, మన సమ్మతి లేకుండా ఆ వ్యవహారంలో తన సొంత బేరం పెట్టుకుంటే, అందులో ముఖ్యమైన సంగతి ఏదైనా దురుద్దేశంతో దాచినా, ఆ బేరం వల్ల మనకి నష్టమైనా దాన్ని మనం కాదనవచ్చని 215. గడువు రాసుకున్న ఒప్పందాన్ని సరైన కారణం లేకుండా మధ్యలో తెంపితే మనమే పరిహారం ఇవ్వాలని 205. సహేతుకమైన నోటీసు ఇవ్వాలని 206. మనకి బాగా పనికొచ్చేది 208: ఏజెంటుని తీసేసినట్టు బయటివాళ్లకి తెలిసేదాకా, వాళ్ల విషయంలో ఆ తీసివేత అమలైనట్టు కాదు. అంటే మేనేజరుకి నోటీసు పంపి ఊరుకుంటే సరిపోదు, మనతో మాటల్లో ఉన్న ప్రతి సంస్థకీ మనమే చెప్పుకోవాలి. ఇది నేను ఆలస్యంగా చేశాను. ఫలితంగా ఒక ఓటీటీ వాళ్లు నా కాంట్రాక్టు డ్రాఫ్టుని రెండు నెలలు పాత మేనేజరు మెయిల్‌కే పంపుతూ, నేను జవాబివ్వడం లేదని నొచ్చుకున్నారు.

అయితే, పని రావడం లేదు కాబట్టి మేనేజర్ని మార్చేద్దాం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. నా స్నేహితుడొకడు రెండేళ్లలో ముగ్గురిని మార్చాడు. ముగ్గురి చేతిలోనూ పెట్టింది ఒకటే స్క్రిప్టు, 2019లో రాసినది. హీరో ఫోన్‌లో టిక్‌టాక్ చేసే సీను కూడా అందులో అలాగే ఉంది. నిషేధమై ఎన్నేళ్లయింది ఆ యాప్! అమ్మడానికి కొత్త సరుకు ఇవ్వకుండా అమ్మలేదని కోప్పడితే ఎలా? కొత్త కథ చేతికిచ్చి ఏడాదైనా కాలేదంటే కొంచెం ఆగాలి. ఇచ్చి ఏడాది దాటినా ఆ మనిషి చదవలేదంటే అది వేరే సంగతి. చదివారో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో అడగండి చాలు. నేను అడిగితే మావారు ‘మీరు చెప్పండి మేడమ్’ అన్నారు. మావారంటే మేనేజరు గారండీ, మా ఆయన చదివారు.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ఒక హిట్టు పడగానే, నిర్మాతలే ఇంటికొస్తుంటే ఇక 15 శాతం దండగ అని తెంపేసుకునేవాళ్లు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య. అది వాళ్ల హక్కే కావచ్చు. నాకు మాత్రం నచ్చదు. ఆయన తెచ్చిపెట్టిన పని మీద ఆఖరి వాయిదా వరకూ కమిషన్ ఆయనదే. నేను విడిపోయాక కూడా వెబ్ సిరీస్ మీద రెండు వాయిదాల్లో 15 శాతం పంపాను, ఇంకొకటి పంపాల్సి ఉంది.

మరి ఎప్పుడు వదలాలి? నా మటుకు ఒకటే పరీక్ష. ‘నా కథలు ఎవరెవరికి వెళ్లాయి, ఏ తేదీన, వాళ్లేమన్నారు?’ అని అడగండి. జవాబు ఎలా వస్తుందో చూడండి. నేను అడిగాను. 19 రోజులు పట్టింది. చివరికి ఆరు పేర్లు వచ్చాయి, తేదీలు లేవు. ఆ ఆరింటిలో రెండు సంస్థలకి స్వయంగా నేనే కథ చెప్పాను, మేనేజరు గారి ప్రమేయమే లేదు. ఇలాంటి జాబితా పనిచేసే మేనేజరు దగ్గర ఎప్పుడూ ఉంటుంది, అరగంటలో పంపేస్తారు. లేదంటే పని జరగలేదు, లేదా జరిగిందేదో మనకి తెలియకూడదు.

ఇంకొక సందర్భంలో ఆలోచన కూడా అక్కర్లేదు. మన మేనేజరే దర్శకుడి మేనేజరు, హీరోకీ ఆయనే డేట్లు చూస్తారు, పైగా సినిమా పోస్టరు మీద సహనిర్మాతగా ఆయన పేరు ఉంటుంది. అప్పుడు నా పారితోషికం తగ్గించమని బేరమాడేది ఎవరు, పెంచమని బేరమాడేది ఎవరు? రెండు కుర్చీల్లోనూ ఒకరే. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. హాలీవుడ్‌లో దీన్ని ప్యాకేజింగ్ అన్నారు. రచయితనీ దర్శకుడినీ నటుడినీ ఒక మూటగా కట్టి స్టూడియోకి ఇచ్చి, ఏజెన్సీ తన ఫీజుని నేరుగా స్టూడియో నుంచే తీసుకునేది. రచయిత దగ్గర మామూలుగా తీసుకునే 10 శాతం తీసుకోరు కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ అప్పుడు రచయిత జీతం పెరిగినా తరిగినా ఏజెంటుకి పోయేదేమీ లేదు. 2019లో అక్కడి రచయితల సంఘం, రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా, దీని మీద ఓటింగు పెట్టింది. ఏజెంట్లు పాటించాల్సిన కొత్త ప్రవర్తనా నియమావళికి ఓటేసినవారిలో 95 శాతం పైగా మద్దతిచ్చారు. ఆ ఏప్రిల్‌లో, నియమావళికి ఒప్పుకోని ఏజెంట్లని ఏడు వేలమందికి పైగా రచయితలు ఒకేసారి తీసేశారు. అంతకుముందు గిల్డుకీ ఏజెంట్లకీ మధ్య నడిచింది 1976 నాటి ఒప్పందం. పెద్ద ఏజెన్సీలు ఒక్కొక్కటిగా దిగొచ్చాయి, చివరిది 2021 ఫిబ్రవరిలో. ప్యాకేజింగ్ ఫీజులకి 2022 జూన్ 30 ఆఖరు తేదీగా రాసుకున్నారు, నిర్మాణ సంస్థలో ఏజెన్సీ వాటా 20 శాతం మించకూడదన్నారు.

ఏడు వేలమందిని ఒకేసారి కదిలించమని మిమ్మల్ని అడగడం లేదు. మన దగ్గర మేనేజర్లున్న రచయితలే కొద్దిమంది. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ అమెరికా రచయితల్లో ఎవరూ ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ‘ఈయన్ని వదిలేస్తే నాకు ఇంకెవరూ ఫోన్ చేయరేమో’ అని భయపడే అవసరం లేకపోయింది. పక్కన సంఘం ఉంది. నేను రెండు నెలలు భయపడింది సరిగ్గా ఆ మాటకే. ఈయన పోతే ముంబై వాళ్లు నన్ను మర్చిపోతారేమో, బయట నా గురించి ‘తలబిరుసు’ అని చెబుతారేమో. ఇంకో మేనేజరు దొరికాకే ఈయన్ని వదులుదామా అని కూడా అనుకున్నాను. అలా చేయలేదు, ఎందుకంటే పాత ఒప్పందం నడుస్తుండగా కొత్తవాళ్లతో మాట్లాడితే అదే నా మీద తప్పవుతుందని లాయరు గారన్నారు. ఐదు నెలలు మేనేజరు లేకుండానే ఉన్నాను. మెయిళ్లు నేనే రాసుకున్నాను. ఆ మూడో లైను రాసిన సంస్థకి ముందు రాశాను.

మీరు చేయగలిగింది చాలా ఉంది, దేనికీ పెద్ద ఖర్చు లేదు. ముందుగా, రచయితకీ మేనేజరుకీ మధ్య ఒక నమూనా ఒప్పందం తయారుచేసి సభ్యులకి ఇవ్వండి. మూడు పేజీలు చాలు. అందులో దానంతట అదే పొడిగింపు అయ్యే క్లాజు ఉండకూడదు. ‘పరిచయం’ అంటే ఏమిటో రాయాలి: ఫలానా కథని ఫలానా సంస్థకి పంపి, వాళ్ల నుంచి జవాబు వచ్చినప్పుడే అది పరిచయం. వచ్చిన జవాబు ఏదైనా ఏడు రోజుల్లో రచయితకి అందాలి, వద్దన్నా సరే. డబ్బు ముందు రచయిత ఖాతాలో పడాలి, కమిషన్ ఆ తర్వాత. రాయల్టీ మీద జీవితాంతం కమిషన్ అనే మాట ఉంటే కొట్టేయాలి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి రచయితకి రాయల్టీ వాటాని వదులుకోవడానికి వీల్లేకుండా చేసిందే మన చేతికి నాలుగు రూపాయలు రావాలని.

ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది, మన మేనేజర్లు ఒక్కసారీ గుర్తుచేయనిది. హక్కులు తీసుకున్నవారు ఏడాదిలోపు వాటిని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకోకుంటే, ఆ హక్కులు మనకి తిరిగొచ్చేస్తాయి. ‘వేరేలా’ అన్నది ప్రతి నిర్మాత ఒప్పందంలోనూ ఉంటుంది, అది వేరే సంగతి. ఆ క్లాజు దగ్గర ఆగి ‘రెండేళ్లకి ఒప్పుకుంటాం, పదేళ్లకి కాదు’ అని చెప్పడానికే కదా మేనేజర్ని పెట్టుకునేది. డబ్బాలో పడి ఉన్న కథని తిరిగి అడగని మేనేజరు, ఆ డబ్బాకి మూతలాంటివారు.

రెండోది, నెలకి ఒక్క పూట ఒక లాయరుని సంఘంలో కూర్చోబెట్టండి. నేను ఎనిమిది వేలు ఇవ్వగలిగాను. మొదటి అడ్వాన్సు యాభై వేలు తీసుకున్న పిల్లాడు ఇవ్వలేడు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌కి వివాదాలు తేల్చే కమిటీ ఉంది. నిర్మాతలతో వచ్చే పేచీలకి మన సంఘంలో పెద్దలు కూర్చుంటారు కదా, మేనేజర్లతో వచ్చే పేచీలనీ అదే బల్ల మీదికి రానివ్వండి. మేనేజర్లని కూడా పిలవండి. వాళ్లలో శ్రద్ధగా పనిచేసేవాళ్లున్నారు, ఇలాంటి పద్ధతి ఉంటే వాళ్లకే లాభం.

నేను పంపిన నోటీసు ఇక్కడ పెడుతున్నాను. నమూనా ఒప్పందం వచ్చేలోగా ఎవరికైనా అవసరపడితే వాడుకోవచ్చు. ఎవరి ఒప్పందం వారిది కాబట్టి గడువు సంగతి మాత్రం లాయరుకి చూపించుకోండి. నాలుగే వాక్యాలు. డైలాగులు రాసి బతికేదాన్ని, ఈ నాలుగూ రాయడానికి రెండు నెలలు పట్టింది. మొదటి డ్రాఫ్టులో ఎంత నొచ్చుకున్నానో రెండు పేజీలు ఉండేది. అదంతా లాయరు గారు కొట్టేశారు.

‘మీ సంస్థతో నాకున్న ప్రాతినిధ్య ఒప్పందాన్ని ఈ నోటీసు అందిన 30 రోజులకి ముగిస్తున్నాను. ఇప్పటికే సంతకమైన వెబ్ సిరీస్ మీద మీకు రావలసిన కమిషన్ ఆఖరి వాయిదా వరకూ అందుతుంది. నా కథలు ఏ తేదీన ఎవరికి పంపారో, వారి జవాబులేమిటో ఆ మెయిళ్లతో సహా నాకు ఇవ్వండి. ఈ రోజు నుంచి నా పేరు మీద కొత్తగా ఎవరికీ ఏ కథా పంపవద్దు.’

ఇట్లు,
సంఘ సభ్యురాలు,
మణికొండ, హైదరాబాదు